ఇరవై ఏడు కుర్చీలు

టేబులు తుడవడంలో సెలవులమ్మకు ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువునూ పైకి ఎత్తదు. తడిగుడ్డను చూపుడువేలికి చుట్టుకుని గుండుసూదుల డబ్బా చుట్టూ, టెలిఫోను చుట్టూ, మూత కొరికిన నీలం పెన్ను చుట్టూ నెమ్మదిగా వేలు తిప్పుకుంటూ పోతుంది. ఎత్తిన వస్తువు మళ్ళీ అంగుళం కూడా అటూ ఇటూ కాకుండా అదే చోట కూర్చుంటుందన్న నమ్మకం ఆవిడకు లేదు. ఆ వస్తువులు ఆవిడవి కావు. ఆ టేబులూ ఆవిడది కాదు. కుర్చీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

కుర్చీ ఎత్తు మార్చుకోవడానికి కింద ఒక పిడి ఉంది. ఆరువారాలుగా దాన్ని ఆవిడ ముట్టుకోలేదు. అసలు మనిషి పొడగరి కాబోలు, కూర్చుంటే ఆవిడ కాళ్ళు నేలకు అందవు. అందుకని పాత రిజిస్టర్లు రెండు కట్టగట్టి పాదాల కింద వేసుకుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు వాటిని బీరువాలో, తీసిన అరలోనే పెట్టి వెళ్తుంది. "పిడి తిప్పుకుంటే పోయేదానికి ఎందుకమ్మా ఈ అవస్థ?" అని పెద్ద గుమాస్తా ఒకరోజు అడిగాడు. "మళ్ళీ ఆయన వచ్చి కూర్చున్నప్పుడు తేడా తెలుస్తుందండీ" అంది. పెద్ద గుమాస్తా ముక్కున వేలేసుకుని వెళ్ళిపోయాడు.

అది నీటి సరఫరా వాళ్ళ ఫిర్యాదుల ఆఫీసు. కుళాయిలో నీళ్ళు రాకపోయినా, వచ్చినవి ఆగకపోయినా జనం ఈ కిటికీ దగ్గరికే వచ్చి అరుస్తారు. కిటికీ వెనక సీటు ఒకాయనది. ఆఫీసంతా ఆయన్ని ఫిర్యాదులాయన అంటారు. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆరువారాలు సెలవు పెట్టాడు. మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ ఆయన చోటికి ఈవిడను పంపింది. రేపు ఆయన వచ్చేస్తాడు. ఇవాళ ఈవిడకు ఇక్కడ ఆఖరి రోజు.

పదిహేడేళ్ళుగా ఆవిడ బతుకు ఇలాగే గడిచింది. ఒకరు పురిటికి వెళ్తారు, ఇంకొకరికి ఆపరేషను, మరొకరు చదువుకోవడానికి ఏడాది సెలవు. వాళ్ళు లేచిన కుర్చీలో ఈవిడ కూర్చుంటుంది, వాళ్ళు రాగానే లేస్తుంది. ఎవరి సెలవు మొదలైతే అక్కడ ప్రత్యక్షమవుతుంది కాబట్టి సెలవులమ్మ అని ఒక లైబ్రరీలో ఎవరో సరదాకి పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకంటే ముందే తర్వాతి ఆఫీసుకు చేరిపోయింది. ఆవిడకు మాత్రం సెలవులంటూ ఉండవు. పని ఉన్న రోజులుంటాయి, లేని రోజులుంటాయి, అంతే.

ఎక్కడ చేసినా ఆవిడ ఒక ఆచారం తప్పలేదు. చివరిరోజు కార్బన్ కాగితం వేసి ఒక అప్పగింత కాగితం రాస్తుంది. టేబులు మీద ఏమేం ఉన్నాయి, సొరుగులో ఏమేం ఉన్నాయి, ఏ పని ఎంతదాకా వచ్చింది, ఎవరు ఏమడిగి వెళ్ళారు. మర్నాడు పొద్దున్న అసలు మనిషి రాగానే ఓ పది నిమిషాలు వెళ్ళి అన్నీ చూపించి, కింద సంతకం పెట్టించుకుని, కార్బన్ నకలు తాను తీసుకుని వచ్చేస్తుంది. మొట్టమొదటి ఆఫీసులో ఒక స్టేప్లరు కనబడకుండా పోయి, ఆ నింద తనమీద పడి, మూడురోజులు అన్నం సయించని నాటినుంచి ఈ అలవాటు. ఒక టెలిఫోను ఆపరేటరు సంతకం పక్కన 'నేను అసలు వెళ్ళలేదేమో అనిపించింది' అని కూడా రాసింది. ఆ మాట సెలవులమ్మ ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు.

ఇప్పుడు వచ్చిన చిక్కంతా బయోడేటాతో.

పెద్దాసుపత్రిలో రికార్డుల గదికి ఒక మనిషి కావాలని ప్రకటన పడింది. పర్మనెంటు ఉద్యోగం. ఐదేళ్ళ అనుభవం ఉండాలి, నలభై ఐదు దాటకూడదు. ఆవిడకు వచ్చే నెలలో నలభై ఐదు నిండుతాయి. ఇది తప్పితే ఇక ఏ ప్రకటనా ఆవిడ కోసం పడదు. తనదంటూ ఒక కుర్చీ, ఆ కుర్చీకి ఒక పిడి, తన కాళ్ళు నేలకు ఆనేట్టు ఒకేసారి తిప్పి వదిలేసుకోవడం. ఆవిడ కోరుకున్నది ఇంతకంటే పెద్దదేమీ కాదు. దరఖాస్తుకు ఆఖరి గడువు ఇవాళ సాయంత్రం ఐదు గంటలు.

ఇరవైరోజుల ముందు తెలిసిన సంగతికి ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగిందంటే, ఆగలేదు. ఆరుసార్లు రాసి ఆరుసార్లు చింపింది. మొదట ఉన్నవన్నీ వరసగా రాసింది. ఇరవై ఆరు చోట్లు, నాలుగు పేజీలు. మేనకోడలు చూసి నెత్తి కొట్టుకుంది. ఆ అమ్మాయి ఒక ఆఫీసులో ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచే పనిలోనే ఉంది.

"అత్తా, ఇది చూస్తే ఎక్కడా నిలవని మనిషి అనుకుంటారు. కంపెనీ పేరు పైన పెట్టు, పదిహేడేళ్ళు ఒకేచోట చేశానని రాయి. మిగతావి కింద చిన్నగా ఇరికించెయ్."

సరేనని కంపెనీ సూపర్వైజరుకు ఫోను చేసింది. "అమ్మో, మా పేరు పెట్టకండి. మేం కుదిర్చిపెడతాం, అంతవరకే. మీరు చేసింది ఆ ఆఫీసుల్లో కదా, వాళ్ళ పేర్లు రాసుకోండి" అని చేతులు దులిపేసుకున్నాడు. పైగా ఆ కంపెనీ ఇప్పటికి మూడు పేర్లు మార్చింది. పద్నాలుగు నెలలు చేసిన బడి ఆఫీసుకు ఫోను చేస్తే, అక్కడి కొత్త మేనేజరు రికార్డులు తిరగేసి, "ఆ పద్నాలుగు నెలలూ సీట్లో పాతావిడే ఉన్నట్టుంది. మీ పేరు ఎక్కడా లేదండీ" అన్నాడు. ఉండదు మరి. ఆవిడ చేసిన పనంతా కుర్చీ అసలు మనిషి పేరు మీదే జమపడింది. ఎదురింటి రిటైరైన హెడ్మాస్టారు మాత్రం "ఉన్నదున్నట్టు రాయమ్మా, మధ్యలో పని లేని రోజులతో సహా" అన్నారు. మేనకోడలు అది విని "ఖాళీలు చూపిస్తే ఖతమే అత్తా" అంది.

ఎవరి మాట వింటే అదే సరైనదనిపిస్తుంది. పదిహేడేళ్ళు చేసింది ఒక్క ఉద్యోగమా, ఇరవై ఆరా? అసలు ఒక్కటీ చేయలేదా? ఎంత ఆలోచించినా ఎటూ తేలలేదు. రాత్రి పడుకుంటే తాను కూర్చున్న కుర్చీలన్నీ వరసగా కళ్ళముందుకు వచ్చేవి. ఒక్కదాంట్లోనూ తాను కనబడేది కాదు.

పెద్ద గుమాస్తాను అడిగి, ఇవాళ నాలుగింటికే వెళ్ళడానికి ఒప్పించుకుంది. మధ్యాహ్నం భోజనం మానేసి, వీధి చివర టైపు, జిరాక్సు చేసే కొట్టుకు వెళ్ళింది. జిరాక్సాయన చెమట తుడుచుకుంటూ, కీబోర్డు మీద చేతులు పెట్టి కూర్చున్నాడు.

"చెప్పండమ్మా. అనుభవం?"

"పదిహేడేళ్ళు" అంది. "ఎక్కడ?" అన్నాడు. తారీఖులు చూసి చెబుదామని సంచిలోంచి కార్బన్ నకళ్ళ కట్ట తీసింది. నీలంరంగు అలుక్కుపోయిన కాగితాలు, అంచులు మెత్తబడి పిండి రాలుతున్నట్టున్నాయి.

"ఇవేంటి?"

"ఏం లేదండీ. నేను వాళ్ళ వస్తువులేం పట్టుకెళ్ళలేదని రాయించుకున్నవి."

ఆయన నాలుగైదు తిరగేశాడు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకున్నాడు. "అమ్మా, ఇందులో ఆఫీసు పేరుంది, తారీఖుంది, మీరు చేసిన పనుంది, కింద వాళ్ళ సంతకాలున్నాయి. ఇంకేం కావాలి మీకు? ఇవే కదా అనుభవ పత్రాలు!"

సెలవులమ్మ ఆ కట్టవైపు కొత్తవాళ్ళను చూసినట్టు చూసింది. పదిహేడేళ్ళుగా అవి తాను ఏమీ తీసుకోలేదనడానికి సాక్ష్యాలు. తాను ఏదో చేసిందనడానికి కూడా అవే సాక్ష్యమని ఆవిడకు ఒక్కనాడూ తట్టలేదు. తట్టనందుకు సిగ్గేసింది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

జిరాక్సాయన గళ్ళు గీశాడు. ఆఫీసు, పని, ఎన్ని నెలలు, సంతకం చేసినవారు. పైన 'పదిహేడేళ్ళ తాత్కాలిక విధులు' అని శీర్షిక పెట్టాడు. "తాత్కాలిక అన్నమాట తీసేద్దామా?" అంది ఆవిడ. తీసేశాడు. తీసేశాక అబద్ధంలా కనిపించింది. "పెట్టండి" అంది. పెట్టాడు. పెట్టాక చిన్నతనంగా అనిపించింది. మూడోసారి ఆవిడ నోరు తెరవబోతుంటే, "అమ్మా, నా భోజనం కూడా చల్లారిపోతోంది" అన్నాడాయన.

ఇరవై ఏడో గడి దగ్గర వేలు ఆపాడు. "ఇప్పుడు చేస్తున్నది కూడా వేస్తున్నా. సంతకం?"

"అది రేపు పెడతారు. ఖాళీగా ఉంచండి."

కిటికీ మళ్ళీ తెరిచేసరికి రెండు దాటింది. పైవీధిలో మురికినీళ్ళు వస్తున్నాయని ఇద్దరు, మీటరు తప్పు తిరుగుతోందని ఒకాయన వచ్చారు. అన్నీ రిజిస్టరులో రాసుకుంది. మూడు దాటి పది నిమిషాలకు ఫోను మోగింది.

"ఫిర్యాదుల ఆఫీసండీ, చెప్పండి."

అవతల ఒక అమ్మాయి గొంతు. "సెలవు కాగితం మీద ఈ నెంబరే ఉందండీ. రేపు నాన్న డ్యూటీకి రావాలి కదా... ఆయన రారండీ."

సెలవులమ్మ అప్పటికే పెన్ను తీసుకుంది. పదిహేడేళ్ళుగా ఇలాంటి ఫోనుకు ఆవిడ చెప్పే జవాబు ఒకటే. "సరేనండీ. ఎప్పటివరకు పొడిగిస్తున్నారు?"

అవతల ఏమీ వినబడలేదు. "తారీఖు చెబితే రాసుకుంటానండీ" అంది మళ్ళీ.

"పొద్దున్న స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నారండీ" అంది ఆ అమ్మాయి. ఇంకెవరో ఫోను అందుకుని మిగతాది చెప్పారు.

సెలవులమ్మ రిసీవరు పెట్టేసింది. ముందున్న చిత్తుకాగితం మీద 'ఎప్పటివరకు' అని తన చేతిరాతలోనే ఉంది. అరిచేయి అడ్డం పెట్టి ఆ మాటను కప్పేసింది. తండ్రి పోయిన పిల్లను రెండుసార్లు అడిగింది. ఒకసారి కూడా కాదు, రెండుసార్లు.

పెద్ద గుమాస్తాకు చెబితే ఆయన గోడ పట్టుకుని నిలబడిపోయాడు. "కాలు బాగైందని నిన్ననే మాట్లాడాడే!" అన్నాడు. లోపలి గదిలోంచి మీటర్లాయన, టైపిస్టు వచ్చారు. ఐదు నిమిషాల్లో అందరూ చెప్పుల్లో కాళ్ళు పెట్టారు.

"అమ్మా, మీరుండండి" అన్నాడు పెద్ద గుమాస్తా తలుపు దగ్గర ఆగి. "ఎవరో ఒకరు ఫోను చూడాలి కదా. మీరు ఆయన్ని చూడను కూడా లేదు."

సెలవులమ్మ నాలుగింటికి వెళ్తానని పొద్దున్న అడిగిన మాట ఆయనకు గుర్తులేదు. ఈ వేళప్పుడు గుర్తు చేయడానికి నోరెలా వస్తుంది? ఎదురుగా మనిషి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఉంటే, నా దరఖాస్తు అని ఎలా అంటుంది? తల ఊపింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

చూడలేదన్నమాట నిజమే. ముఖం పొడుగో గుండ్రమో తెలియదు. కానీ ఆయన కుర్చీ ఎడమవైపు కాస్త కుంగి ఉంటుందని తెలుసు. ఫోను మాట్లాడుతూ ఆ చేతిమీదికి ఒరిగేవాడని పోల్చుకుంది. కోపమొస్తే పెన్ను మూత కొరుకుతాడు. రిజిస్టరు అంచుల్లో చిన్న అక్షరాలతో 'ముసలావిడ, మూడో అంతస్తు, తొందరగా' అనో, 'వీడు రోజూ వస్తాడు, ఈసారి నిజమే' అనో రాసుకుంటాడు. ఆ రాతలు చదివి ఆవిడ ఒక్కతే ఎన్నోసార్లు నవ్వుకుంది. రేపు పొద్దున్న ఆ పది నిమిషాల్లో ఆయనతో ఒక మాట అనాలనుకుంది. మీ రాతలు చూసే పని నేర్చుకున్నానండీ, అని. ఇంతకుముందు ఇరవై ఆరు మందిలో ఎవరితోనూ అలా అనాలనిపించలేదు. అది తలచుకునేసరికి ఏడుపు ఆగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం, ఆయన కుర్చీలోనే కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కిటికీ మీద ఎవరో తట్టారు. కుళాయి కట్టేసినా నీళ్ళు ఆగడం లేదట. మొహం తుడుచుకుని రాసుకుంది.

గడియారం చూస్తే నాలుగుకు పది నిమిషాలు. ఏం చేయాలో తోచక, తెలిసిన పని మొదలుపెట్టింది. కాగితం కింద కార్బన్ పెట్టి అప్పగింత రాయడానికి కూర్చుంది. పైన ఎప్పుడూ ఆ మనిషి పేరు రాస్తుంది. ఇప్పుడు ఎవరికని రాయాలి? పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది. చివరికి 'ఈ కుర్చీలో కూర్చోబోయే వారికి' అని రాసింది. ఫోను, గుండుసూదులు, నీలం పెన్ను. తీరని ఫిర్యాదులు పదకొండు. ఇవాళ్టివి నాలుగు. అన్నీ రాశాక అడుగున ఇంకొక వాక్యం చేర్చింది: రిజిస్టరు అంచుల్లో ఉన్న రాతలు తప్పక చదవండి, అన్నీ వాటిలోనే ఉన్నాయి.

నాలుగూ ఇరవై అయింది. ఆసుపత్రి నడిస్తే పాతిక నిమిషాలు. వెళ్తే సీటు ఖాళీ. ఫోను మోగితే ఎత్తేవాళ్ళుండరు, పోయినాయన పేరు మీద మాట వస్తుంది. పదిహేడేళ్ళలో ఒక్క గంట కూడా ఆవిడ ఏ కుర్చీనీ ఖాళీగా వదలలేదు. ఉంటే, రేపు ఇదే కుర్చీలో ఇంకో ఆరువారాలు కూర్చోమంటారు. ఆ తర్వాత ఇంకోచోట. లేచి నిలబడింది, కూర్చుంది. ఏది మర్యాదో ఏది తప్పో కలగాపులగమైపోయింది. మళ్ళీ లేచింది. ఈసారి కిటికీ తలుపు వేసింది.

ఆసుపత్రిలో దరఖాస్తుల బల్ల దగ్గరికి చేరేసరికి ఐదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. బల్ల వెనక గుమాస్తా బట్టతల మనిషి, అప్పటికే సొరుగులు తాళం వేసుకుంటున్నాడు. ఆవిడ ఆయాసం చూసి ఏమీ అనకుండా చేయి చాపాడు. గళ్ళ కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాడు. వెనక ఉన్న నకళ్ళు తిప్పి సంతకాలు సరిచూశాడు.

"ఇన్ని చోట్ల చేశారా! ఇంత జాగ్రత్తగా పెట్టుకున్నవాళ్ళని చూడలేదమ్మా." వేలు అడుగున ఆగింది. "ఇరవై ఏడోదానికి సంతకం లేదేం?"

"పెట్టాల్సినాయన పొద్దున్న పోయారండీ."

గుమాస్తా తల ఎత్తాడు. "అయ్యో." మళ్ళీ కాగితం చూశాడు. "తారీఖు ఇవాళ్టిదాకా ఉంది. అంటే ఇప్పుడు మీరు డ్యూటీలోనే ఉన్నారన్నమాట."

"ఐదింటిదాకానండీ."

"మరి మీ బదులు ఎవర్ని కూర్చోబెట్టి వచ్చారు?"

మామూలుగానే అడిగాడు. ఆవిడకు మాత్రం ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఒకరి చోట తాను కూర్చోవడం తెలుసు. తన చోటు అని ఒకటి ఉంటుందని, అందులో తాను లేకపోతే ఇంకొకరు కూర్చోవాలని పదిహేడేళ్ళలో ఎవరూ ఆవిడతో అనలేదు.

"ఎవరూ లేరండీ" అంది చివరికి.

గుమాస్తా కాగితాల మీద ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చాడు. పిలుపు వచ్చేదీ రానిదీ ఉత్తరంలో తెలుస్తుందన్నాడు. ఆవిడ రసీదు పట్టుకుని మెట్లు దిగింది. కుడివైపు వెళ్తే ఇల్లు, ఎడమవైపు వెళ్తే ఫిర్యాదులాయన ఇల్లు ఉన్న వీధి. ఎటు వెళ్ళాలో తెలియక మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

అక్కడ ఫిర్యాదుల ఆఫీసులో, మూసిన కిటికీ వెనక, టెలిఫోను మోగి మోగి ఆగింది. ఎడమవైపు కుంగిన కుర్చీ మీద, బస్సులో సీటు పోకుండా వేసి ఇప్పుడే వస్తానని దిగినట్టు, ఆవిడ చేతిరుమాలు నాలుగు మడతలతో పరిచి ఉంది.